లండన్ నగరమున ఒక దినము

లండన్ నగరమును ఒక్క దినములోనే చూచివేయవలెనని మేము తెల్లవారగనే బస వీడితిమి. ఇచట 1863లోనే నడువ నారంభించిన భూగర్భపు రైలునెక్కి మొదట టవరు కోటకు పోయితిమి. రాజకిరీటములను చూచి, థేమ్సు నది యొడ్డున కొంత నడచి, సెయింటుపాల్ దేవాలయము చేరితిమి. గోపురము పైకి 528 మెట్లని వినగనే మా యత్తగారు, "మంగళగిరి మెట్లే యెక్కలేనిదానను. నన్ను క్రిందనే యుండనిమ్ము తల్లీ!" అనిరి.

మధ్యాహ్నము బ్రిటిషు మ్యూజియమునకు వచ్చునప్పటికి అందరము అలసిపోతిమి. ఇక మరలిపోదమనుకొనుచుండగా, గాజుగోడల గదిలో అమరావతి స్తూపశిల్పములు కనబడినవి! 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు చేర్చినవానిలో కొన్ని 1859లో ఓడపై ఇచటికి వచ్చినవి. పలనాటి సున్నపురాతి పలకపై మాయాదేవి స్వప్నము, సిద్ధార్థుని జననము చెక్కబడియున్నవి. ఆ స్త్రీల కడియములను, అందెలను చూచుచు అత్తగారు అలసట మరచి చాలసేపు నిలిచిరి.

"ఇవి మన ప్రక్కయూరివే కదమ్మా!" అని ఆమె యనగా మాకు సిగ్గు కలిగినది. గుంటూరునకు సుమారు 20 మైళ్లలోనున్న అమరావతికి పలుమారులు పోయి, కృష్ణలో స్నానమాడి, అమరేశ్వరుని సేవించి వచ్చితిమిగాని, స్తూపమున్న చోటికి ఒక్కనాడును పోయినవారము కాము.

చూడవలసినవి ఇంకను మిగిలియున్నను, ఆనాడు మరి యెచటికిని పోలేదు. వచ్చు కార్తికమున ముందు స్తూపమునొద్దకే పోవుదమని అత్తగారు నిశ్చయించిరి.