ఇంకెంత దూరము?

విద్యుచ్ఛక్తితో నడచు కార్లు మన దేశమున నేడు వింతవస్తువులు కావు. పది, పదునైదేండ్ల క్రిందట పట్టణపు వీధిలో అట్టి బండి యొకటి కనబడినయెడల పిల్లలు గుమిగూడి చూచెడివారు. ఇప్పుడు మా పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చు తలిదండ్రులలోనే కొందరు ఆకుపచ్చని నంబరు పలక గల కార్లలో వచ్చుచున్నారు. వానిని చూచి విద్యార్థులు "ఎంత వేగముగా పోవును?" అని యడుగుదురు. పెద్దలు "ఒకమారు చార్జి చేసినయెడల ఎంత దూరము పోవును?" అని యడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకంటె నాకు మేలైనదిగా తోచు ప్రశ్న మూడవది యొకటి గలదు: "ఇంకను ఇంత దూరము పోవునని కారు తెర మీద చూపు అంకెను ఎంతవరకు నమ్మవచ్చును?" ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే విచారింప దలచితిని.

కారులో తోలువాని యెదుట నుండు పలకకు డాష్‌బోర్డు అని పేరు. ఈ పేరు గుర్రపుబండ్ల కాలము నాటిది. గుర్రపు డెక్కలు చిమ్మెడి బురద తోలువాని మీద పడకుండ ముందువైపున అడ్డముగా నిలిపిన చెక్కకు ఆ పేరుండెను. బురద నాపుటకు పుట్టిన చెక్క కాలక్రమమున వేగము, నూనె, వేడిమి మున్నగువానిని తెలుపు పలకగా మారెను. పెట్రోలు కారులో ముల్లు క్రిందికి దిగినను ఎవరును అంతగా కలత చెందరు. ఏలయనగా కొంత దూరములో బంకు దొరకును, అయిదు నిమిషములలో పని తీరును. విద్యుత్ కారులో అట్లు కాదు. ఇంటి గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి గంటకు సుమారు 3 యూనిట్లు మాత్రమే ఎక్కును. 40 యూనిట్ల బ్యాటరీ నిండుటకు పదమూడు గంటలకు పైగా పట్టును. వేగముగా చార్జి చేయు కేంద్రములు పెద్ద రహదారుల మీద నున్నవి కాని ప్రతి పల్లెలోను లేవు. కావున ఈ బండి యెక్కినవాని కన్ను రోడ్డు మీద సగము, తెర మీది అంకె మీద సగము నుండును.

ఆ తెర మీద సాధారణముగా రెండంకెలు కనబడును. ఒకటి శాతము, రెండవది కిలోమీటర్లు. చూచువారు ఈ రెండును ఒకే సంగతిని రెండు విధములుగా చెప్పుచున్నవని యనుకొందురు. అది సరికాదు. ఈ భేదమును తెలుపుటకు మా యూరి నుండియే దృష్టాంతము నిచ్చెదను.

మా సోమశిల కృష్ణానది యొడ్డున నున్నది. శ్రీశైలము ప్రాజెక్టు కట్టిన పిమ్మట ఆ జలాశయపు వెనుకనీరు మా యూరి ముంగిట సముద్రమువలె నిలిచినది. జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. వానకాలమున నేటి మట్టమింత యని పత్రికలలో ప్రకటింతురు. అది కొలిచి చెప్పిన మాట. కాని "ఈ నీరు ఎన్ని దినములకు వచ్చును?" అని యడిగినచో మట్టము చూచి మాత్రమే యెవరును చెప్పజాలరు. విద్యుత్కేంద్రములకు ఎంత విడుచుచున్నారో, కల్వకుర్తి యెత్తిపోతలకు ఎంత తోడుచున్నారో, ఎండకు ఎంత యావిరియగుచున్నదో తెలిసిననే గాని ఆ లెక్క తేలదు. తెర మీది శాతము నీటిమట్టము వంటిది. కిలోమీటర్ల అంకె దినముల లెక్క వంటిది. మొదటిది ఉన్నదానిని గూర్చినది. రెండవది రాబోవుదానిని గూర్చినది.

శాతముకూడ నీటిమట్టమువలె కొలబద్ద పెట్టి సూటిగా చూచునది కాదు. బ్యాటరీలోనికి పోయిన విద్యుత్తును, వెలుపలికి వచ్చినదానిని ఒక చిన్న యంత్రము కోమటివాని జమాఖర్చు పుస్తకమువలె యెడతెగక లెక్కించుచుండును. లెక్కలో చిన్న చిన్న తేడాలు చేరుట సహజము. అందుచేత అప్పుడప్పుడు వోల్టేజిని చూచి సరిచూచుకొనును. నేడు అనేక కార్లలో వాడుచున్న లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలలో నడుమ భాగమంతటను వోల్టేజి ఇంచుమించు ఒకే తీరున నుండుటచేత ఈ సరిచూచుకొనుట కష్టము. అట్టి బ్యాటరీని అప్పుడప్పుడు 100 శాతము వరకు చార్జి చేయుడని తయారుచేయువారు చెప్పుటకు ఇదియొక కారణము.

మరియొక సంగతి కలదు. శ్రీశైలము జలాశయము మొదట సుమారు 308 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్క. పూడిక చేరుటచేత ఇటీవలి లెక్కలలో అది సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గినది. అయినను పూర్తి మట్టము నేటికిని 885 అడుగులే. బ్యాటరీయు అట్లే. ఏండ్లు గడచిన కొలది అది పట్టు విద్యుత్తు తగ్గును. కాని నిండినప్పుడు తెర మీద 100 శాతమనియే చూపును. నిండుకుండ నిండుకుండయే, కుండ మాత్రము చిన్నదగును.

ఇక కిలోమీటర్ల అంకె యెట్లు పుట్టునో చూతము. బ్యాటరీలో మిగిలిన యూనిట్లను కిలోమీటరునకు ఖర్చగు యూనిట్లచేత భాగించిన వచ్చునదే అది. మూడవ తరగతి బాలుడు చేయదగిన భాగహారము. చిక్కంతయు భాజకములో నున్నది. రాబోవు కిలోమీటరునకు ఎంత ఖర్చగునో యెవరెరుగుదురు? ఎరుగరు గనుక యంత్రము గడచిన కిలోమీటర్లను చూచి, ఇకమీదటను అట్లే జరుగునని తలచి లెక్క కట్టును. గమ్యమును ముందుగా తెలిపినయెడల కొన్ని కార్లు దారిలోని యెత్తుపల్లములనుకూడ లెక్కలోనికి తీసికొనును. అయినను మూలము గడచిన యనుభవమే.

ఖర్చు మారుటకు కారణములు పెక్కు. వానిలో వేగము ముఖ్యము. గాలి నిరోధము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల నుండి 100కు పెంచినయెడల గాలి చేయు అడ్డు నాలుగింతలగును. చక్రముల రాపిడి అట్లు పెరుగదు గనుక మొత్తము ఖర్చు నాలుగింతలు కాదు గాని బాగుగా హెచ్చును. వేసవిలో చల్లని గాలి యంత్రము, బండిలోని బరువు, ఎక్కుడు దారి, చక్రములలో గాలి తగ్గుట ఇవియన్నియు తమ తమ వంతు తీసికొనును. దిగుడు దారిలోను, బ్రేకు వేయునప్పుడును మోటారు డైనమోవలె తిరిగి కొంత విద్యుత్తును మరల బ్యాటరీకి ఇచ్చును. పెట్రోలు బండికి లేని సుగుణమిది.

కంపెనీవారు ప్రకటించు దూరమును గూర్చియు ఒక మాట. 2020 జనవరిలో విడుదలయైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీ 30.2 యూనిట్లది, దానికి ధ్రువీకరింపబడిన దూరము 312 కిలోమీటర్లు. అనగా యూనిటునకు పది కిలోమీటర్లకు పైగా. ఈ పరీక్ష ప్రయోగశాలలో, తిరుగు రోలర్ల మీద, నిర్ణీతమైన వేగములతో జరుగును. ఆ వేగము గంటకు 90 కిలోమీటర్లకు మించదు, పెక్కు భాగము అంతకంటె చాల తక్కువ. కార్లను ఒకదానితో నొకటి పోల్చుటకు ఇట్టి ఏకరీతి పరీక్ష అవసరమే. కాని దానిని తమ ప్రయాణమునకు హామీగా తలచినవారికి ఆశాభంగము కలిగెను. 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వము, చెప్పిన దూరము రావుటలేదను ఫిర్యాదులను బట్టి ఈ కారుకిచ్చు సబ్సిడీని నిలుపగా, కంపెనీవారు హైకోర్టునకు పోయి ఆ యుత్తరువుపై స్టే పొందిరి. పరీక్షశాల అంకెకును, రోడ్డు అంకెకును గల దూరము న్యాయస్థానము వరకు నడచినదన్నమాట.

ఈ విషయము నాకు పుస్తకమువలననే గాక ప్రాణావసరమునను బోధపడినది. ఒక క్రిస్మసు సెలవులలో మా తమ్ముడు హైదరాబాదు నుండి తన విద్యుత్ కారులో సోమశిలకు వచ్చియుండెను. మా యక్కయ్య కూతురు నిండు గర్భిణి. కాన్పు నాగర్‌కర్నూలు ఆసుపత్రిలోనే జరుగవలెనని వైద్యులు ముందే చెప్పియుండిరి. ఒకనాటి రాత్రి రెండు గంటలకు నొప్పులు ప్రారంభమాయెను. అంబులెన్సు మరియొక రోగిని తీసికొని దూరము పోయియుండెను. ఆ సాయంత్రము కరెంటు లేకపోవుటచేత కారు చార్జి కాలేదు. తెర మీద 26 శాతము, 94 కిలోమీటర్లు అని యుండెను. నాగర్‌కర్నూలు మా యూరికి సుమారు 60 కిలోమీటర్లు.

"94 చూపుచున్నది గదా అన్నా, దారి 60 మాత్రమే. వంద మీద తీసికొని పోయెదను" అని తమ్ముడనెను.

"ఆ 94 ఎవరి లెక్క? ఈ నాలుగు దినములు నీవొక్కడవే కొల్లాపురమునకు, ఊరికి నడుమ మెల్లగా తిరిగితివి. దాని లెక్క అది" అని చెప్పి, కాగితమైనను లేకుండ అచ్చటనే లెక్క కట్టితిని. 40 యూనిట్లలో 26 శాతమనగా 10 యూనిట్లకు కొంచెమెక్కువ. అయిదుగురము ఎక్కి వంద వేగముతో పోయినయెడల కిలోమీటరునకు సుమారు 170 వాట్-గంటలు. అట్లయిన 61 కిలోమీటర్లకు బ్యాటరీ పూర్తిగా ఖాళీ. 60 వేగముతో పోయినయెడల సుమారు 130. అప్పుడు 80 కిలోమీటర్లు వచ్చును.

"మెల్లగా పోయిన బిడ్డ గతి యేమిరా?" అని మా యక్కయ్య కంట నీరు పెట్టుకొనెను. ఆమె ప్రశ్న న్యాయమైనదే. నేనామెతో ఇట్లంటిని: "అక్కయ్యా, చీకటిలో ఈ మలుపుల దారిని ఎంత తొందరపడినను పావుగంట కంటె ఎక్కువ కలిసిరాదు. నడుమ బండి నిలిచినయెడల పోవు కాలమునకు లెక్కయే లేదు." కొల్లాపురము పది కిలోమీటర్లు. అక్కడినుండి మిగిలిన 50 కిలోమీటర్లకు 16 శాతము, చేతిలో మిగులవలసినది 5 శాతము, వెరసి 21. కొల్లాపురము చేరునప్పటికి 21 శాతమునకు తగ్గియున్నయెడల అక్కడి ఆసుపత్రి ముందరనే దిగి మరియొక బండిని చూచుకొందమని ముందే నిర్ణయించుకొంటిమి.

కొల్లాపురములో 23 శాతముండెను. కాని కిలోమీటర్ల అంకె 94 నుండి 79కి దిగెను. పది కిలోమీటర్లు నడచితిమి, పదునైదు పోయినవి. తమ్ముడు దానిని చూచి మాటాడక వేగమును 60 దగ్గరనే నిలిపెను. వెనుక మూలుగు వినబడినప్పుడెల్ల అతని కాలు తొందరపడుట నేనెరుగుదును. అయినను ముల్లు కదలనీయలేదు. ఆసుపత్రి గుమ్మము చేరునప్పటికి 7 శాతము, 21 కిలోమీటర్లు మిగిలెను. తెల్లవారకముందే ఆడుబిడ్డ పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమము.

తెర ఆ రాత్రి అబద్ధమాడినదా? ఆడలేదు. "ఈ నాలుగు దినములు నడచినట్లే నడచినయెడల 94 కిలోమీటర్లు పోవును" అని అది చెప్పినది. తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థులకు చేదర్థకము తెలియును గదా. తెర మీది ప్రతి కిలోమీటర్ల అంకెయు చేదర్థకముతో కూడిన వాక్యమే. కాని "నడచినయెడల" అను భాగము కనబడదు. "పోవును" అను భాగము మాత్రము పెద్ద అక్షరములతో వెలుగును. మా యూరి పడవవానిని "ఆవలి సిద్ధేశ్వరము ఒడ్డు చేరుట కెంత సేపు?" అని యడిగినచో, "గాలి తిరుగకుండిన అరగంట" అని యనును. అతడు షరతును ముందు చెప్పి అంకెను తరువాత చెప్పును. యంత్రము అంకెను చెప్పి షరతును మన బుద్ధికి విడిచిపెట్టును. అంతే భేదము.

కావున ఇట్టి బండి గల తలిదండ్రులకు నా మనవి: దూరప్రయాణమునకు కిలోమీటర్ల అంకెను గాక శాతమును పట్టుకొనుడు. మీ బండి బ్యాటరీ యెన్ని యూనిట్లదో, మీ చేతిలో అది కిలోమీటరునకు ఎంత ఖర్చు చేయునో ఒకటి రెండు ప్రయాణములలో వ్రాసిపెట్టుకొనుడు. పది కిలోమీటర్లు నడచి అంకె యెంత దిగెనో చూడుడు. అంతకంటె వేగముగా దిగుచున్నయెడల వేగము తగ్గింపుడు. ఎక్కడ ఆగి మరల ఆలోచింపవలెనో బయలుదేరక ముందే నిర్ణయించుకొనుడు.

విద్యార్థులకు సెలవులలో చేయుటకు ఒక లెక్క: హైదరాబాదు నుండి సోమశిల సుమారు 180 కిలోమీటర్లు. 40 యూనిట్ల బ్యాటరీ గల కారు 80 శాతముతో బయలుదేరినది. కిలోమీటరునకు 160 వాట్-గంటలు ఖర్చు. గమ్యము చేరునప్పటికి 15 శాతము మిగులవలెను. దారిలో కనీసము ఎన్ని యూనిట్లు ఎక్కించుకొనవలెను? 2.8 యూనిట్లని తేల్చినవారికి గణితము వచ్చినట్లే. లెక్క మొదలుపెట్టుటకు ముందే "అయ్యా, ఆనాడు ఎండ యెట్లుండెను? బండిలో ఎందరుండిరి?" అని నన్నడిగినవారికి గణితముతోకూడ విషయమును పట్టువడినదని సంతోషించెదను.