అమ్మ గుడ్ల లెక్క

ట్రే కొనుక్కొచ్చి ఫ్రిజ్‌లో పెట్టేసే మనకు గుడ్ల నిల్వ పెద్ద విషయమేం కాదు. పెరట్లో కోళ్లున్న ఇంట్లో, అదీ పల్నాడు ఎండల్లో అయితే అదో పెద్ద లెక్క.

మాది పిడుగురాళ్ల దగ్గర ఊరు. అమ్మకు 14 పెట్టలు, 2 పుంజులు ఉన్నాయి. నాటు గుడ్లు అమ్మితే వచ్చే డబ్బు పోపుల డబ్బాలో దాస్తుంది. పొలం డబ్బుకు నాన్న లెక్క రాస్తారు. నేను పంపేది బ్యాంకులో పడుతుంది. ఎవరికీ చెప్పకుండా అమ్మ ఖర్చు పెట్టుకోగలిగింది ఈ గుడ్ల డబ్బొక్కటే.

పోయిన మే నెలలో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఊళ్లోనే ఉన్నా. ఒకరోజు పక్కింటి పిన్ని గిన్నెలో పగలగొట్టిన గుడ్డు తెచ్చింది. పచ్చసొన మీద ఎర్రటి నరాలు! ‘మా కోడలు కడుపుతో ఉంది కదక్కా, దానికోసమే కొన్నా’ అంది మెల్లగా. అమ్మ డబ్బులు తిరిగిచ్చేసింది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు, ‘కోళ్లు అమ్మేద్దాం రా’ అంది.

నిజానికి తప్పు కోళ్లది కాదు, వేడిది. పుంజు తిరిగే చోట పెట్టిన గుడ్లలో చాలావరకు పిల్లయ్యేవే. కోడి కింద 37, 38 డిగ్రీల వెచ్చదనంలో 21 రోజులకు పిల్ల వస్తుంది. మేలో మా రేకుల వంటింట్లో కోడి లేకుండానే అంత వేడి ఉంటుంది. అంటే గుడ్ల బుట్టే పొదుగుతోందన్నమాట!

‘కడిగి ఫ్రిజ్‌లో పెట్టొచ్చుగా’ అంది అక్క ఫోన్‌లో. పెంకుకు వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని మూస్తూ కోడి పెట్టినప్పుడే పల్చటి పొర ఒకటి వస్తుంది. కడిగితే అది పోతుంది. అమెరికాలో కడిగి అమ్ముతారు కాబట్టే అక్కడ ఫ్రిజ్ తప్పనిసరి. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. చల్లటి గుడ్డుకు వేడిగాలి తగిలితే చెమట పడుతుంది, ఆ తడితో సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అమ్మ ఎప్పట్నుంచో పొడిగుడ్డతో తుడవడమే మంచిదైంది.

ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. పుంజుల్ని మామయ్య దొడ్డికి పంపాం. అవి వెళ్లినా రెండు మూడు వారాలు పిల్లయ్యే గుడ్లే వస్తాయి కాబట్టి, పొద్దున, సాయంత్రం గుడ్లు తీయడం మొదలుపెట్టాం. తడి ఇసుకలో సగం దాకా పూడ్చిన మట్టికుండ, అడుగున ఎండుగడ్డి. అందులో మొన కిందికి, వెడల్పు వైపు పైకి ఉండేలా గుడ్లు పేర్చాం. ఇసుకలో నీళ్లు ఆవిరవుతుంటే కుండ చల్లగా ఉంటుంది. పొడి ఎండ కాబట్టి మా దగ్గర పనిచేస్తుంది. ఉక్కపోత ఊళ్లలో అంత లాభముండదు.

ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాశాం. ముందొచ్చింది ముందు పోవాలి, మేం కోడింగ్‌లో దీన్నే క్యూ అంటాం అని చెప్తే, ‘రేషన్ షాపు లైనా?’ అంది అమ్మ.

ఇంకో చిట్కా మీ జేబులోనే ఉంది. చీకట్లో ఫోన్ టార్చ్‌ని గుడ్డు వెడల్పు కొనకు ఆనించి చూడండి. నాలుగైదు రోజులు వేడి తగిలిన గుడ్డయితే సాలెగూడులా నరాలు కనిపిస్తాయి. నీళ్ల పరీక్ష మాత్రం వండే ముందే చేయండి. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, తేలితే పారేయడమే.

ఇప్పుడు రోజూ రాత్రి లైట్ ఆర్పి అమ్మే టార్చ్ వేసి చూస్తుంది. అనుమానం వస్తే అమ్మదు. కోళ్లు అలాగే ఉన్నాయి. శ్రావణంలో అక్కకు చీర కొంది. ఎంతైందని నాన్న అడగలేదు, అమ్మ చెప్పలేదు.