అక్షరాలు పోతపోసిన ఊరు



మన దేశంలో అనేక దైవశాస్త్ర కళాశాలల పట్టాలు సెరంపూర్ సెనేటు పేరు మీదనే వస్తాయి. అందువల్ల కాపరులకు సెరంపూర్ అంటే కాగితం మీది పేరు. అది హుగ్లీ నది ఒడ్డున మిల్లులూ రిక్షాలూ ఉన్న ఊరు అన్న సంగతి వెళ్లి చూస్తేగాని మనసుకు ఎక్కదు. 1755 నుండి 1845 వరకు అది డెన్మార్కు వారి పాలనలో ఉండేది. ఇంగ్లీషు కంపెనీ తన ప్రాంతంలో మిషనరీలను ఉండనివ్వని రోజుల్లో డేనులు చోటిచ్చారు. ఆ చోటులోనే 1800లో అచ్చుకూటం వెలసింది.

విలియం కేరీ చెప్పులు కుట్టేవాడని, 1793లో ఈ దేశానికి వచ్చాడని మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఆయన కథ మళ్లీ చెప్పను. అక్కడ తయారైన అక్షరాల సంగతి చెబుతాను.

ఈ రోజుల్లో అక్షరమంటే సెల్‌ఫోనులో వేలితో తాకితే పడేది. అప్పుడు అలా కాదు. మొదట ఒక చిన్న ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి, ఉబ్బెత్తుగా చెక్కాలి. దాన్ని కొలిమిలో కాల్చి, నీటిలో ముంచి గట్టిపరచాలి. ఆ కడ్డీతో రాగి ముక్క మీద కొడితే అక్షరం గుంటగా దిగుతుంది. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అచ్చు అక్షరం వస్తుంది. ఒక్క ఉక్కు కడ్డీ నుండి వేల సీసపు అక్షరాలు పోయవచ్చు. అయితే కడ్డీ చెక్కినవాడి చేయి వంకరపోతే ఆ వంకర వేల పుటల్లో కనబడుతుంది.

ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు కలిపి యాభై రెండు చాలు. మన తెలుగుకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం పైనా పక్కనా, ఒత్తులు కిందా రావాలి. వందల ముక్కలు చెక్కితేగాని ఒక పుట నిండదు. తాటాకు మీద గంటంతో తిన్నని గీతలు గీస్తే ఆకు చినుగుతుంది గనుక మన అక్షరాలు గుండ్రమయ్యాయని పెద్దలంటారు. ఆ గుండ్రాన్ని ఉక్కు మీదికి తేవడం మామూలు పని కాదు. సెరంపూర్ కంటే ముందే, 1746, 47 సంవత్సరాల్లో, జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగులో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. కాని మన దేశపు పనివారి చేతిలో, అన్ని భాషలు ఒకే కప్పు కింద చెక్కిన చోటు మాత్రం సెరంపూరే.

అక్కడ మొదట చెక్కినవాడు పంచానన్ కర్మకార్. 1778లో హుగ్లీలో అచ్చయిన హాల్హెడ్ బెంగాలీ వ్యాకరణానికి అక్షరాలు చేసినవారిలో ఆయన ఉన్నాడు. సెరంపూర్‌లో ఆయన పని నేర్పినవాడు అల్లుడు మనోహర్. మామగారు పోయిన తరువాత మనోహర్ సుమారు నలభై ఏళ్లు అక్కడే చెక్కాడు. అక్షరాలను చిన్నవి చేసి కాగితం ఖర్చు తగ్గించినది ఆ చేతులే. పేదవాడు కొనగలిగిన బైబిలు వెనుక ఆ పొదుపు ఉంది.

1812 మార్చి 11 సాయంత్రం అచ్చుకూటానికి నిప్పు అంటుకుంది. కేరీ ఆ రోజు కలకత్తాలో ఉన్నాడు. వార్డు, తోటివారు ఎంత ప్రయాసపడినా నిలువలేదు. అర్ధరాత్రి వేళకు పైకప్పు కూలింది. కాగితం బూడిదైంది. సీసపు అక్షరాలు కరిగి ముద్దలైపోయాయి. కేరీ ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, తెలుగు వ్యాకరణపు రాతప్రతి కూడా పోయాయి. అయితే బూడిద తవ్వగా ఉక్కు కడ్డీలు, రాగి మూసలు చెడకుండా దొరికాయి! కరిగిన సీసాన్నే మళ్లీ కాచి అక్షరాలు పోశారు. కేరీ తెలుగు వ్యాకరణం మళ్లీ రాయగా 1814లో అచ్చయింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అదే ఊరి నుండి వచ్చింది. కార్చిన సీసం పోయినా మాదిరి మిగిలితే పని మళ్లీ మొదలుపెట్టవచ్చని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఇంకో మాట. ఇన్ని భాషల్లో వాక్యానికి అక్షరాలు చెక్కిన మనోహర్ క్రైస్తవుడు కాలేదు. తన ఇలవేల్పు బొమ్మను ఎదుట పెట్టుకొని పని చేసేవాడని, 1839లో చూచిన ఒక మిషనరీ రాశాడు. కొందరు సహోదరులకు ఈ సంగతి ఇబ్బందిగా ఉంటుంది. నాకు లేదు. సొలొమోను మందిరానికి ఇత్తడి పని చేసిన హీరాము తండ్రి తూరు పట్టణస్థుడే కదా. నన్ను నొప్పించేది వేరొకటి: బెసలేలు, అహోలీయాబుల పేర్లను నిర్గమకాండము 31వ అధ్యాయంలో రాసి పెట్టారు. మన ప్రసంగాల్లో మాత్రం కేరీ, మార్ష్‌మన్, వార్డు అని ముగ్గురి పేర్లు చెప్పి ఆగిపోతాము. పంచానన్, మనోహర్‌ల పేర్లు కూడా మన పిల్లలకు నేర్పాలి. అలాగే మన గుడి గోడ మీద వాక్యం రాసే పెయింటరు ఏ మతంవాడైనా, బేరమాడకుండా కూలి చేతిలో పెట్టాలి.

ఆ పెయింటర్లకు ఇప్పుడు పని తగ్గింది. ఫ్లెక్సీలు వచ్చాయి. కొన్ని షాపుల్లో పాత కంప్యూటరు మీద ఒత్తు విడిపోయి క్రీస్తు పేరే రెండు ముక్కలుగా వస్తుంది. ఎవరూ చూడకుండానే గుడి గుమ్మానికి కట్టేస్తారు. బైబిలు చదవాలనే ఆశతో నలభై ఏళ్ల వయసులో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. ముక్కలైన అక్షరం ముందు వాళ్లు తమకే చదువు రాదనుకొని తల వంచుకుంటారు. ఇది చిన్న సంగతి కాదు. యువకులారా, సిలికానాంధ్ర వారు విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన వంటి చక్కని తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా ఉండి పెద్ద శీర్షికలకు నప్పుతుంది. ఏది వాడినా అచ్చుకు ఇచ్చే ముందు ఒత్తులు ఒక్కొక్కటే చూడండి. వీలైతే ఒక పెద్దావిడ చేత చదివించండి.

సెరంపూర్‌లో సెయింట్ ఓలావ్ చర్చి తప్పక చూడాలి. దాని ముఖద్వారం పైన డెన్మార్కు రాజు ఏడవ క్రిస్టియన్ పేరక్షరాల అల్లిక ఉంది. అక్షరాన్నే ఆభరణంగా మలచిన పని అది. శిథిలమైన ఆ గుడిని బాగుచేసినందుకు 2016లో యునెస్కో బహుమానం వచ్చింది. అక్కడి నుండి రిక్షాలో మిషన్ సమాధుల తోటకు వెళితే 1834 జూన్ 9న కన్నుమూసిన కేరీ సమాధి ఉంది. పేరు, తేదీలు, ఒక కీర్తనలోని రెండు పాదాలు తప్ప మరేమీ చెక్కవద్దని ఆయనే చెప్పి పోయాడు. రాజు పేరు అందంగానే ఉంది. నేను మాత్రం ఈ రాతి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

వెళ్లగోరేవారు హౌరా స్టేషనులో బండేల్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కాలి, ముప్పావు గంట ప్రయాణం. కళాశాల నది ఒడ్డునే ఉంది. అక్కడి కేరీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు చూడాలనుకుంటే ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి.