ఆగిందా? ఆపినవా?

ఈసారి ఫీజుల గురించి కాదు, నోటిఫికేషన్ల గురించి కాదు, స్టార్ట్ కాని బండి గురించి రాస్తున్నం. నవ్వకుండ చదవండి.

2018 పంచాయతీరాజ్ చట్టంతోని మన తండాలు పంచాయతీలైనయి. మా తండాకు సర్పంచ్ వచ్చిండు గని బస్సు రాలె. దేవరకొండకు పోయి పరీక్ష రాయాలన్నా, యాడికి బీపీ గోలీలు తేవాలన్నా, పత్తి ఏరనీకి పోవాలన్నా బండే దిక్కు. ఇంటర్ పరీక్షలకు ఎన్నో ఏండ్లు నిమిషం నిబంధన ఉండె. 2024లో అయిదు నిమిషాలు సడలించిన్రు. అయిదు నిమిషాల్ల బండి బాగైతదా?

కిందటేడు మా పాత స్కూటర్ రెండు కిలోమీటర్లు పోవుడు, ఆగుడు. టౌన్ల మెకానిక్ ప్లగ్గు మార్చిండు, కాయిల్ మార్చిండు, కార్బొరేటర్ కడిగిండు. పత్తి ఏరిన నాలుగు రోజుల కూలి ఆయనకే పోయింది. వాపస్ వచ్చేటప్పుడు మళ్ల అక్కడనే ఆగింది.

మా తండాల ఒక కాక ఉన్నడు. పాలమూరు లేబర్‌ల పూణె పోయి, అక్కడ షెడ్డుల పని నేర్చుకున్నోడు. ఆయన పానా పట్టలె. ఒకటే అడిగిండు: "బండి దానంతట అది ఆగిందా? మీరు ఆపినంక స్టార్ట్ అయితలేదా?"

ఆగింది కాకా, అన్నం.

"ఎట్ల ఆగింది? దమ్ము తీస్కుంట ఆగిందా, స్విచ్ బంద్ చేసినట్టు ఆగిందా?"

దమ్ము తీస్కుంట, గుంజుకుంట ఆగితే చాలాసార్లు పెట్రోల్ సంగతి. ఒక్కసారే టక్కున ఆగితే కరెంట్ సంగతి. మాది దమ్ము తీస్కుంట ఆగింది. కాక ట్యాంక్ మూత తిప్పిండు. సుయ్యిమని గాలి లోపలికి గుంజుకున్నది. మూతకు ఉండే సన్నటి రంధ్రంల మన చల్క దుమ్ము గట్టిపడ్డది. పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాలె కదా. పిన్నీసుతోని పొడిచిండు. అంతే.

ఇంజనుకు మూడే కావాలె: పెట్రోల్ కలిసిన గాలి, దాన్ని ఒత్తే జోరు, టైముకు నిప్పు. ఏది తక్కువైందో పట్టుకునేదాక సామాను కొనొద్దు, ఇది కాక మాట. ఒక వరుస ఉన్నది. ముందు ట్యాంక్ ఊపి చూడాలె, కాక్ రిజర్వ్‌ల పెట్టాలె. (అగ్గిపుల్ల గీసి ట్యాంకులకు తొంగి చూసెటోళ్లు ఇంకా ఉన్నరు. సెల్ ఫోన్ లైట్ ఉన్నది కదా!) తర్వాత కిక్కును చేత్తోని మెల్లగ ఒత్తాలె. ఎదురు తన్నకుండ ఉత్తగ దిగిపోతే ప్లగ్గు లూజన్నా కావాలె, పిస్టన్ రింగులన్నా అరిగి ఉండాలె. రింగుల పని మనతోని కాదు, షెడ్డుకే పోవాలె.

కిక్కు గట్టిగనే ఉంటే ప్లగ్గు విప్పాలె. అసలు కథ అంతా ప్లగ్గే చెప్తది. ఇరవై కిక్కులు కొట్టినా పొడిగ ఉన్నదంటే పెట్రోల్ వస్తలేదు. పైపు, ఫిల్టర్, కార్బొరేటర్ జెట్ చూడాలె. కిరాణా దుకాణంల బాటిల్ పెట్రోల్ పోసినోళ్లు నీళ్లు కలిసినయేమో కూడ చూడాలె. తడిసి కారుతుంటే పెట్రోల్ ఎక్కువైంది. కాక్ బంద్ చేసి, ప్లగ్గు లేకుండనే ఎక్స్‌లేటర్ ఫుల్ తిప్పి నాలుగైదు కిక్కులు కొడితే లోపలిది బయట పడతది. నల్లగ మసి పడితే బ్రష్షుతోని తోమాలె, ఎయిర్ ఫిల్టర్ దులపాలె.

నిప్పు చూడాలంటే ప్లగ్గును క్యాపుకు పెట్టి, దాని ఇనుమును ఇంజను ఇనుముకు ఆనించి కిక్కు కొట్టాలె. క్యాపు రబ్బరే పట్టుకోవాలె, లేకుంటే షాక్ కొడతది. పెట్రోల్ కారిన చోట, ప్లగ్గు రంధ్రం దగ్గర ఈ పని అస్సలు చేయొద్దు. నీలం నిప్పు టక్కుమంటే మంచిది. ఎర్రగ, బలహీనంగ ఉన్నా, అసలు లేకున్నా ముందు ప్లగ్గు, తర్వాత క్యాపు, వైరు, కాయిల్.

ఎన్కట చేతక్ బండ్లను ఒక పక్కకు వంచి కిక్కు కొట్టేటోళ్లు. మేము చిన్నప్పుడు అది మంత్రం అనుకునేది. కార్బొరేటర్‌కు పెట్రోల్ దిగనీకట. చేతక్ రాణా ప్రతాప్ గుర్రం పేరు. మన తాతలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట దక్కన్‌కు వచ్చినోళ్లు. ఎద్దు నడక చూసి ఏ కాలుకు నొప్పో చెప్పేటోళ్లట. కాక బండి చప్పుడు వింటుంటే మాకు వాళ్లే యాదికొస్తరు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 స్కూటర్లు ఎక్కువ ఇంజెక్షన్‌వి. వాటికి కార్బొరేటర్ లేదు, కాక్ లేదు. తాళం తిప్పంగనే జుయ్యిమని పంపు చప్పుడు రావాలె. రాకుంటే బ్యాటరీ, ఫ్యూజు చూడాలె. బ్రేక్ పట్టకుంటే సెల్ఫ్ తిరగది. కొన్నింటికి సైడ్ స్టాండ్ ఏసి ఉన్నా ఇంజను స్టార్ట్ కాదు. మా చెల్లె హాస్టల్ గేటు దగ్గర నలుగురు పిలగాండ్లు కొత్త బండి నూకుతుంటే, పోయి స్టాండ్ తీసి స్టార్ట్ చేసింది. వాళ్లు ఇప్పటికి ఆమెను మెకానిక్ అక్కా అంటరు. ప్లగ్గు పానా కూడ ఆమె బ్యాగులనే ఉంటది.

పానా మీ బండి సైజుదే కొనండి. బ్యాటరీ, చార్జింగ్ సంగతి దసరా సెలవులల్ల కాకను అడిగి ఇంకో పోస్టుల రాస్తం. మీ బండి ఎట్ల ఆగిందో కింద రాయండి, దమ్ము తీస్కుంటనా, టక్కుననా.