మార్కాపురంలో అద్దెకు దిగే ముందు

మార్కాపురం అనగానే మా నాన్న తరానికి పలక గుర్తొస్తుంది. చెక్క చట్రం, నల్లరాయి, పక్కన విరిగిన బలపం ముక్క. ఇప్పటి పిల్లలు ట్యాబ్ మీద వేలితో అక్షరాలు దిద్దుతున్నారు గానీ, ఆ ఊరి రాయి మాత్రం ఇంకా ఊళ్లు దాటి పోతూనే ఉంది. నేను వెళ్లింది పలకల కోసం కాదు, చెన్నకేశవస్వామి గుడి కోసమూ కాదు. అక్కకి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బావ ఉద్యోగం గుంటూరులోనే. నాలుగేళ్ల మేనకోడలితో అక్క ఒక్కతే అక్కడ ఉండాలి. ఇల్లు వెతికే పని నా నెత్తిన పడింది.

గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలెక్కితే వినుకొండ, కురిచేడు, దొనకొండ దాటాక భూమి రంగు మారిపోతుంది. కాలువ పచ్చదనం వెనకబడుతుంది. కంది, మిరప, మధ్యలో ఖాళీ బీళ్లు, దూరంగా నల్లమల. పాత జిల్లా పేరు చెప్తే ఒంగోలు గిత్త, సముద్రం అనుకునేవాళ్లం కదా. ఈ పడమటి సగానికి సముద్రంతో సంబంధమే లేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మాట వినండి, ఇప్పటికీ ఆ యాస తగులుతుంది.

ఇల్లు చూడ్డం అంటే మన ప్రశ్నలు మనకుంటాయి. బండి పెట్టుకునే చోటుందా, సిగ్నల్ వస్తుందా, ఓనరు పైనే ఉంటారా. మార్కాపురంలో వీటన్నిటికంటే ముందు ఒకటి అడగాలి: నీళ్లేంటి?

మొదటి ఇంటి పెద్దమ్మ నేను అడక్కముందే చెప్పేసింది. “సాగర్ నీళ్లు వచ్చిన రోజు వస్తాయి నాయనా. లేదంటే ట్యాంకరు. బోరుంది గానీ అది వాడకానికే. తాగేదానికి క్యాను ఏయించుకోవాల.”

“బోరు నీళ్లు బాగుండవా పెద్దమ్మా?”

“రుచికి బానే ఉంటాయి. ఫ్లోరిన్.”

ఆ ఒక్క మాట ఆవిడ ఎంత మామూలుగా అందంటే, మనం ‘ఇక్కడ దోమలు’ అన్నట్టు. ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్‌ని అందరూ ఫ్లోరిన్ అనే అంటారు. పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురం, ఎర్రగొండపాలెం, ఎటు పోయినా ఆ మాట వినిపిస్తుంది.

ఫ్లోరైడ్ అనగానే మనకు నల్గొండ గుర్తొస్తుంది, వార్తల్లో ఎక్కువ కనబడింది అదే కాబట్టి. కానీ దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది ఈ పక్కనే. 1930ల మొదట్లో, ఈ ఊళ్లు కొన్ని నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలో, ఇక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. తర్వాత అదే లక్షణం మనుషుల్లోనూ కనబడింది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు. అమెరికాలో దంతవైద్యుడు మెక్‌కే 1901లో కొలరాడోలో పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి మొదలుపెట్టిన వెతుకులాటకు 1931లోగానీ జవాబు దొరకలేదు. అంటే కారణం ఫ్లోరైడే అని ప్రపంచానికి తెలిసిన కొన్నేళ్లకే మన ఊళ్ల పేర్లు అందులోకి ఎక్కాయి. తొందరగా తెలిసింది. తెలియడం ఒక్కటే తొందరగా జరిగింది.

దీని పనితీరు అర్థమైతే ఇల్లు వెతకడం తేలికవుతుంది. రాళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఖనిజాలు భూగర్భజలంలో నెమ్మదిగా కరుగుతాయి. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయేకొద్దీ మనం తోడేది ఎక్కువకాలం రాతితో నానిన నీళ్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. దాటితే ముందు పిల్లల పళ్లు చెప్తాయి: సున్నపు మచ్చలు, తర్వాత గోధుమరంగు గీతలు. శాశ్వత దంతాలకు ఎనామిల్ తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపు. మా మేనకోడలికి నాలుగు. ఇంకా చాలా ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు, వెన్ను. అక్కడిదాకా వెళ్లాక వెనక్కి తెచ్చే మందు లేదు.

చిక్కేంటంటే దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పైగా కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా బాగా కరుగుతుంది. ఆ నీళ్లు నోటికి మెత్తగా, హాయిగానే ఉంటాయి. కాబట్టి ‘తియ్యటి నీళ్లండీ, కొబ్బరినీళ్లలా ఉంటాయి’ అని ఓనరు అంటే మురిసిపోనక్కర్లేదు.

రెండో ఇంటి కుర్రాడు మోడర్న్. జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటర్ తీసి గ్లాసులో ముంచాడు. “చూడన్నా, మూడొందల ఎనభై. సూపర్ కదా!” యూట్యూబ్ పుణ్యమా అని ఈ మీటర్ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంచనా చెప్తుంది, అంతే. ఆ 380లో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రామా, మూడు మిల్లీగ్రాములా అనేది దానికి తెలీదు. గుంపులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, అందులో దొంగ లేడని చెప్పినట్టుంటుంది.

తెలియాలంటే పరీక్షే. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ల్యాబ్‌లున్నాయి, ఊళ్లలో వాడే చిన్న కిట్లూ ఉన్నాయి. కిట్‌లో చేసేది సింపుల్: కొంచెం నీళ్లలో ఎర్రటి రంగు మందు చుక్కలు వేసి, కార్డు మీది రంగులతో పోల్చాలి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపులోకి జారుతుంది. నాకు తెలిసిన టీచర్ ఒకరు స్కూల్ కోసం తెచ్చుకున్న కిట్ ఇచ్చారు. కుర్రాడి బోరు నీళ్లు 380 దగ్గర ‘సూపర్’ కదా, గ్లాసు మాత్రం చక్కటి పసుపు. అతను కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, మీటర్ జేబులో పెట్టేసుకున్నాడు. పాపం, అబద్ధం ఆడలేదు. అతని ఇంట్లోనూ చిన్నపిల్లలున్నారు.

“సరే, క్యాన్లు తెప్పించుకుంటాంలే” అంది అక్క ఫోన్లో. ఇక్కడ అందరి సమాధానం అదే. ఇరవై లీటర్ల క్యాను, బండి మీద రెండు, ఆటోలో యాభై. సరిగ్గా పనిచేసే ఆర్వో ఫ్లోరైడ్‌ని నిజంగానే తగ్గిస్తుంది. మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో మాత్రం ఎవర్నీ అడగం. ఎండలో నిలబెట్టిన క్యాను లోపల ఆకుపచ్చ పాచి నేను కళ్లారా చూశాను, అది ఎవరి ప్లాంటుదో ఇక్కడ అనవసరం.

క్యాను కొన్నా అసలు కన్నం ఇంకోచోట ఉంది. తాగేది క్యాను, వండేది బోరు. అన్నం ఉడికేటప్పుడు ఎసట్లో నీళ్లన్నీ పీల్చుకుంటుంది. పప్పూ అంతే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఉన్నది చిక్కబడుతుంది. టీ ఆకుకి సొంతంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. నేను చూసిన నాలుగు వంటిళ్లలోనూ క్యాను హాల్లో ఉంది, పొయ్యి పక్కన బోరు కుళాయి ఉంది. ఖర్చు సంగతి కూడా చూడాలి మరి. కూలికి పోయే ఇంట్లో వంటకి కూడా క్యాను కొనాలంటే నెలకి ఎంతవుతుందో మీరే లెక్కేయండి. పాలు, రాగులు, ఆకుకూర, జామకాయ తినే పిల్లలకు కాస్త రక్ష అంటారు డాక్టర్లు. ఆ ఆకుకూర పండటానికీ నీళ్లే కావాలి.

నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లో ఇంకో సంగతి, నిల్వ. ప్రతి ఇంటి ముందూ సంపు, డ్రమ్ములు, మోటారు. ఒక ఇంట్లో సంపు మీద మూత బదులు రేకు ముక్క. నాలుగేళ్ల పాప ఉన్న ఇంటికి అది ఫ్లోరైడ్ కంటే ముందు చూడాల్సింది. మోటారు వైరు తడి నేల మీద పాకుతుంటే ఆ ఇల్లు వద్దనేశాను. డ్రమ్ముల్ని వారానికోసారి ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టకపోతే డెంగీ దోమ అందులోనే పిల్లల్ని లేపుతుంది.

పనయ్యాక ఒకరోజు గిద్దలూరు దాకా వెళ్లాను. దారిలో కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ అనే రాణి గుండ్లకమ్మకి అడ్డంగా కట్టించిందని చెప్తారు. 2020లో దీనికి అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపొచ్చింది. రెండు కొండల మధ్య ఒక కట్ట, అంతే. దాని మీద నిలబడితే దోర్నాల వైపు వెలిగొండ సొరంగాలు గుర్తొచ్చాయి. 1996లో శంకుస్థాపన, ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవు, 2024 మొదట్లోగానీ రెండోది తవ్వడం పూర్తికాలేదు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు నల్లమల కింద నుంచి ఈ కరువు మండలాలకు రావాలి. 2025 జులైలో మార్కాపురం దగ్గర 1,290 కోట్ల తాగునీటి పథకానికి ఇంకో శంకుస్థాపన జరిగింది. ఇక్కడ ఇంటర్ చదివే పిల్లలకి మొదటి శిలాఫలకం వాళ్ల వయసు కంటే పాతది. కట్ట మీద మేకలు కాస్తున్న తాతని అడిగితే నవ్వాడు. నవ్వితే పళ్ల మీద గోధుమ గీతలు.

“నీళ్లొస్తే మా మనవరాలు తాగుతాదిలే నాయనా” అన్నాడు.

చివరికి అక్కకి దొరికిన ఇల్లు చిన్నది, రెండో అంతస్తు, బోరు లేదు. మున్సిపాలిటీ సాగర్ కుళాయి, సంపుకి తాళం వేసే మూత, పొయ్యి పక్కన రెండో క్యాను పెట్టుకునే చోటు. కుళాయి నీళ్లు కిట్‌లో వేస్తే గులాబీ రంగు మారలేదు. అద్దె కుర్రాడి ఇంటికంటే పదిహేనొందలు ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చేశాను.