క్వీన్ మేరీ నౌకా సందర్శనము

మా చిన్నతనమున ఓడప్రయాణమనిన మా యింటిలో రంగూను ప్రయాణమే. మా నాయనమ్మ ఇరువదేండ్ల ప్రాయమున కాకినాడ రేవులో పడవ నెక్కి, దూరమున లంగరు వేసియున్న పొగయోడను చేరి, బియ్యపు మిల్లులో గుమాస్తాగా నున్న మా తాతగారికడకు రంగూను వెళ్లెను. ఆమెకు దొరకినది గది కాదు; డెక్కుమీద ఒక చాప పట్టునంత చోటు. ఆ చాపమీదనే అటుకుల మూట, నీళ్ల చెంబు, ఒడిలో మా పెద్దత్త. “ఓడ ఎంత పెద్దదో నే నెఱుగనే అమ్మా! నా చాప యెంతో అంతే నేను చూచిన ఓడ” అని ఆమె చెప్పుచుండెడిది. ఆ మాట నాకు మొన్న అమెరికా దేశపు పడమటి తీరమున, లాంగ్ బీచ్ రేవులో, క్వీన్ మేరీ యను మహానౌక మెట్లెక్కుచుండగా జ్ఞప్తికి వచ్చెను.

మా అమ్మాయి కాపురము లాస్ ఏంజిలిస్ సమీపమున. దాని కుమారునికి పండ్రెండేండ్లు. వానికి ఓడల వెఱ్ఱి. గోడలనిండ ఓడల పటములు, బల్లనిండ అట్టలతో చేసిన ఓడలు. ఏ యోడకు ఎన్ని పొగగొట్టము లుండెనో, ఏది యే సంవత్సరమున పుట్టి ఎప్పుడు విఱుగగొట్టబడినదో వాడు ఎక్కములవలె అప్పగించును. ఇట్టి ఓడప్రియులు లోకమున వేలకొలది కలరట. సంఘములుగా చేరి పాత ఓడల చిత్రములను, టిక్కెట్లను, భోజనపట్టికలను కూడ భద్రపఱచుదురట. “ఏమిరా, పాత ఇనుము మీద ఇంత ప్రేమ?” అని నేను పరిహసించితిని. వాడు నవ్వి, “రేపు చూచిన తరువాత చెప్పు, అమ్మమ్మా” అనెను.

మేము రేవు చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. మొదట కానవచ్చినవి మూడు ఎఱ్ఱని పొగగొట్టములు. వాని క్రింద తెల్లని మేడల వరుస. దాని క్రింద నల్లని దేహము. పొడవు 1,019 అడుగులు. ఒక కొననుండి రెండవ కొనకు నడచుసరికి నా మోకాళ్లు ఆ లెక్కను నాకు బాగుగ బోధపఱచినవి. ఓడ నేటికిని నీటిమీదనే తేలుచున్నది గాని, చుట్టును రాతికట్ట కలదు గనుక సముద్రపుటలలు దానిని తాకవు.

ఈ నౌక స్కాట్లండులో క్లైడు నదియొడ్డున, క్లైడ్‌బ్యాంకు పట్టణములోని జాన్ బ్రౌన్ కంపెనీవారి నౌకాశాలలో పుట్టినది. దీనికి అప్పుడు పేరు లేదు. 534 అను అంకె మాత్రమే. లోకమెల్ల ఆర్థికమాంద్యమున క్రుంగియున్న దినములవి. 1931 డిసెంబరులో ధనము చాలక పని నిలిచిపోయెను. వేలకొలది పనివాండ్రు ఒక్కసారిగా ఇండ్లకు మరలిరి. రెండు సంవత్సరములకు పైగా ఆ ఇనుప పంజరము ఊరిమీదుగా కనబడుచు తుప్పు పట్టుచుండెను. ప్రతిదినము వాకిట నిలిచి దానిని చూచిన గృహిణుల మనస్సు ఎట్లుండెనో మనము ఊహింపగలము. తుదకు, కునార్డు, వైట్ స్టార్ అను రెండు పోటీ కంపెనీలు ఒకటి కావలెనను నియమముపై బ్రిటిషు ప్రభుత్వము అప్పిచ్చెను. 1934 ఏప్రిలులో పని తిరిగి మొదలయ్యెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 26వ తేదీని మేరీ రాణి తన పేరే దీనికి పెట్టి నీటిలోనికి విడిచెను. 1936 మే 27న సౌతాంప్టను నుండి న్యూయార్కునకు తొలిప్రయాణము. 1938లో అట్లాంటికు మహాసముద్రమును తూర్పుదిశగా 3 దినముల 20 గంటల 42 నిమిషములలో దాటి, ఆనాటి ఓడలన్నిటిలో వేగవంతమైనదని కీర్తి గాంచెను.

లోపల ప్రవేశించినంతనే నన్ను ఆకర్షించినవి కఱ్ఱపలకలు. దేశదేశముల వృక్షములనుండి తెచ్చిన 50కి మించిన జాతుల కలప ఈ గోడలకు తొడిగిరి. ఒక గదిలో తేనెరంగు, మఱొక గదిలో చింతగింజరంగు. చేతితో తడవినచో పట్టువలె నున్నది. మొదటి తరగతివారి భోజనశాల మూడంతస్తుల ఎత్తు. దాని గోడపై అట్లాంటికు సముద్రపు పెద్ద చిత్రపటము గలదు. మెక్‌డోనాల్డ్ గిల్ అను చిత్రకారుడు వ్రాసినది. ఆ పటమున గాజుతో చేసిన చిన్న ఓడ యొకటి, నిజమైన ఓడ సాగుచున్నకొలది తానును సాగుచుండెడిదట. చారు త్రాగుచు, తల యెత్తి, “ఇంక ఎంత దూర మున్నది?” అని చూచుకొనవచ్చును. డోరిస్, ఆన్నా జింకైసెన్ అను స్కాట్లండు దేశపు అక్కచెల్లెండ్రు ఇరువురును ఈ నౌకకు గోడచిత్రములు వ్రాసిరి. మగవారి సుత్తెల మ్రోతలో పుట్టిన ఈ ఓడకు ఆడువారి కుంచె అలంకారము చేసినదని వినగా నాకు సంతోషమయ్యెను.

అయినను ఓడను చూచుటన్న గోడలను చూచుట మాత్రమే కాదని మనుమడు నాకు నేర్పెను. “ఎవరి గది ఎక్కడ పెట్టిరో చూడు, అమ్మమ్మా!” అనెను. కావడి మోయువానిని మీరు చూచియుందురు. నడుమ భుజముకడ కదలిక తక్కువ. కొనలు ఎగిరెగిరి పడుచుండును. తుపానులో ఓడయు నట్లే. అందుచేత నడుమనున్న మంచిచోటు మొదటి తరగతివారికి. వెనుక, ప్రొపెల్లర్లు అదరించు చోటు రెండవ తరగతికి. మన పల్లెకారులు అణియమని పిలుచు ముందుభాగము, అలల దెబ్బ తినునది, మూడవ తరగతికి. సముద్రము ఒక్కటే, ఓడ ఒక్కటే. కడుపులో త్రిప్పుట మాత్రము టిక్కెట్టును బట్టి! మూడవ తరగతివారికిని మంచము, దుప్పటి, వేడి భోజనము ఉండెను గనుక వారి స్థితి మా నాయనమ్మ స్థితికంటె ఎంతయో మేలు. అయినను ఆ యిఱుకు గది గుమ్మమున నిలిచినప్పుడు నాకు ఆమె చాప కనబడెను.

గొప్ప ఓడకును లోపము లుండును. మొదటి శీతకాలపు తుపానులలో ఈ నౌక మిక్కిలి దొర్లెను. నడవలలో పట్టుకొనుటకు కమ్ములైనను మొదట పెట్టలేదు, తరువాత పెట్టిరి. ప్రయాణికులపై పొగగొట్టముల మసి రాలుచుండెను. వెనుకభాగమున అదురు ఎక్కువగ నుండెను. వీని నొక్కటొక్కటిగ సరిదిద్దిరి. దొర్లుట తగ్గించుటకు నీటిలో చేప ఱెక్కలవంటి సాధనములు 1958లో గాని అమర్పలేదు. కాపురము చేసినగాని ఇంటిలోపము తెలియదన్నట్లు, సముద్రములో నడచినగాని ఓడలోపము తెలియదు.

యుద్ధకాలమున దీనికి బూడిదరంగు పూసి సైనికులను మోయించిరి. 1943 జూలైలో ఒక్క ప్రయాణమున 16,683 మందిని తీసికొనిపోయెను. ఒక చిన్న పట్టణము! అంతకు ముందటి యేట, 1942 అక్టోబరు 2న, ఐర్లండు తీరముకడ తనకు కాపలాగా వచ్చిన కురసోవా యను యుద్ధనౌకను ఇదియే ఢీకొని రెండుగ చీల్చెను. మూడువందలకు పైగా నావికులు మరణించిరి. శత్రువుల జలాంతర్గాముల భయముచే ఆగరాదని ఆజ్ఞ. నీటిలో కేకలు వేయువారిని విడిచి ఈ నౌక సాగిపోవలసివచ్చెను. ఆ కథ చెప్పునప్పుడు మా మనుమని కంఠము తగ్గినది. ఓడను ప్రేమించువాడు దాని దుఃఖమును కూడ మోయవలెను గాబోలు! 1946లో ఇదే నౌక అమెరికా, కెనడా సైనికులను పెండ్లాడిన యూరపు యువతులను, వారి పసిబిడ్డలను వేలకొలదిగ అత్తవారిండ్లకు చేర్చెను. ఒడిలో బిడ్డ, ఎదుట ఎఱుగని దేశము! వారిలో ఎందఱు మా నాయనమ్మవలె పుట్టింటిదిక్కు చూచి కన్నీరు పెట్టుకొనిరో!

1958లో అట్లాంటికుమీదుగ జెట్టు విమానములు వచ్చెను. నాలుగు దినముల దారి కొన్ని గంటలలో తీరుచుండగా ఓడ నెవరు కోరుదురు? 1967లో లాంగ్ బీచ్ నగరమువారు క్వీన్ మేరీని 34½ లక్షల డాలర్లకు కొనిరి. పనామా కాలువలో పట్టదు గనుక దక్షిణ అమెరికా నంతయు చుట్టి ఆ డిసెంబరు 9న ఈ రేవు చేరెను. ఇక్కడ బాయిలర్లను తీసివేసిరి. పొగగొట్టములను దింపగా, ఎన్నియో పూతల రంగే వానిని నిలిపియుంచినదని తేలెనట. ఇప్పుడున్నవి అల్యూమినియముతో చేసిన ప్రతిరూపములు. నౌక వసతిగృహముగను, ప్రదర్శనశాలగను మాఱెను. 2020లో మూతపడి, మరమ్మతుల పిమ్మట 2023లో మరల అతిథులకు తలుపులు తెఱచెను.

అన్ని యోడలకును ఇంత భాగ్యము లేదు. యునైటెడ్ స్టేట్సు అను అమెరికా నౌక 1952లో తొలిప్రయాణముననే అట్లాంటికును 3 దినముల 10 గంటల 40 నిమిషములలో దాటి క్వీన్ మేరీ కీర్తిని మించెను. దాని నిర్మాత విలియం ఫ్రాన్సిస్ గిబ్సునకు అగ్నిభయము మెండు. పియానోలు, మాంసము కోయు దుంగలు తప్ప ఓడలో కఱ్ఱముక్క పనికిరాదనెనట. ఆ యోడకు ప్రొపెల్లర్ల రూపకల్పన చేసినది ఎలెయిన్ కాప్లన్ అను స్త్రీ యింజనీరు. కఱ్ఱలేని గదులకు అల్యూమినియముతో, కాలని బట్టలతో అందము తెచ్చినది డోరతీ మార్క్‌వాల్డ్, ఆన్ అర్క్‌హార్ట్ అను స్త్రీలు. అంతటి నౌక 1969లో పని మాని, ఫిలడెల్ఫియా రేవులో ఏండ్లతరబడి పడియుండెను. ఓడప్రియులు చందాలు కూర్చి కాపాడజూచిరి. రేవు అద్దెకే చాలలేదు. ఫ్లోరిడా తీరమున ముంచి చేపలకు నివాసము చేయ నిశ్చయించి, 2025 ఫిబ్రవరిలో దానిని లాగుకొనిపోయిరి.

ఇది విని నేను నిట్టూర్చి, “అయితే ఇట్టి ఓడలు ఇంక పుట్టవు కాబోలు” అంటిని. మనుమడు కన్నులు మెఱయ, “ఆ మాటను నావంటి పిల్లవాడే అబద్ధము చేసినాడు, అమ్మమ్మా!” అని ఒక కథ చెప్పెను. 1972లో క్వీన్ ఎలిజబెత్ అను నౌక హాంకాంగులో కాలిపోయెను. ఇంగ్లండులో బ్లూ పీటర్ అను పిల్లల టెలివిజను కార్యక్రమమువారి పుస్తకములో, ఇట్టి ఓడ మరల కట్టబడదని వ్రాసిరి. స్టీఫెన్ పేన్ అను బాలుడు అది తప్పని వారికి జాబు వ్రాసి, ఒక బిళ్ల బహుమానముగ పొందెను. ఆ బాలుడు పెద్దవాడై నౌకాశాస్త్రము చదివి, క్వీన్ మేరీ 2 అను నౌకకు రూపకల్పన చేసెను. ఫ్రాన్సులో సాన్ నజేరు పట్టణమున కట్టిన ఆ నౌక 2004 జనవరిలో తొలిప్రయాణము చేసెను. పొడవు 1,132 అడుగులు.

నేటి విహారనౌకకును, సముద్రము దాటు నౌకకును గల భేదమును వాడే నాకు తెలిపెను. విహారనౌక ఎండగల రేవులలో మెల్లగ తిరుగునట్టిది. వెడల్పైన దేహముపై వసారాల అంతస్తులు. 2024లో బయలుదేఱిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనుదానికి 20 అంతస్తులు. ఏడువేలకు మించిన ప్రయాణికులు పట్టుదురు. క్వీన్ మేరీ 2 అట్టిది కాదు. శీతకాలపు అట్లాంటికును చీల్చుటకై దాని ముందుకొన పొడవుగ, సన్నముగ నుండును, ఇనుపరేకులు దళసరి, ప్రాణరక్షక పడవలను అలల కందకుండ మామూలుకంటె ఎత్తున వ్రేలాడదీసిరి. పాత క్వీన్ మేరీకి కోటికి పైగా రివెట్లు కొట్టిరి. క్రొత్తదానిని పెద్దపెద్ద ముక్కలుగ చేసి అతికిరి. ఆవిరియంత్రములకు బదులు విద్యుత్తుచే తిరుగు నాలుగు ప్రొపెల్లరు పెట్టెలు క్రింద వ్రేలాడును. వానిలో రెండు చుట్టును తిరుగుటచే చుక్కానితో పని లేదు. పాత ఓడలను ప్రేమించి చూచినవాడు గనుకనే, వాని గుణములు గ్రహించి లోపములు విడువగలిగెను.

సాయంకాలము పైడెక్కుమీద నిలిచినప్పుడు వాడు చివరి ముచ్చట చెప్పెను. పాత క్వీన్ మేరీ కూతలలో ఒకదానిని లాంగ్ బీచ్ నగరమువారు క్రొత్త నౌక కిచ్చిరి. 2006 ఫిబ్రవరి 23న ఆ నౌక ఈ రేవుకడకు రాగా, రెండోడలును ఒకదాని నొకటి కూతవేసి పలుకరించుకొనెనట. కూతురింట తన గొంతే వినిన తల్లికివలె ఈ ముసలి నౌక కుండెనేమో!

దిగివచ్చునప్పుడు, “పాత ఇనుముమీద ప్రేమ యేల అంటివి గదా, ఇప్పు డేమందువు?” అని వాడడిగెను. నేను వానికి మా నాయనమ్మ చాప కథ చెప్పితిని. వాడు చాలసేపు మాటాడలేదు. ఇల్లు చేరినపిమ్మట ఒక కాగితముపై క్రొత్త ఓడ గీయనారంభించెను. నేను వంగి చూచితిని. నడుమ, కదలిక లేని చోట, పెద్ద గది యొకటి గీసి, “ఇది చంటిబిడ్డల తల్లులకు” అని వ్రాసియుండెను.

సోదరీమణులారా! మీ యిండ్లలోని పెద్దలు ఏ యోడ యెక్కిరో, అందు వారికెంత చోటు దొరకెనో అడిగి తెలిసికొని, మీ పిల్లలకు చెప్పుడు. రేపటి ఓడలు కట్టువారు వారే.