మర్హూమ్ దూల్హాభాయ్ లాప్‌టాప్



మా దూల్హాభాయ్ ఇంతెఖాల్ అయ్యాక ఆయన లాప్‌టాప్‌ని ఆపా బీరువాలోనే దాచింది. మొన్న భాంజీ డిగ్రీలో చేరింది. కొత్తది కొనే హైసియత్ లేదు. "నీకివన్నీ తెలుసు కదరా, చూడు" అని నా చేతిలో పెట్టింది ఆపా.

2012లో కొన్నది. అందులో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే. మాది మూడో తరం. ఇక మిగిలిన రాస్తా లినక్స్.

ఏ మెషీన్ మీద లినక్స్ నడుస్తుందో వాడినవాళ్లు రాసిపెట్టే జాబితాలు ఉంటాయి. మా మోడల్ ఎదురుగా ఎవరో "అంతా పని చేస్తోంది" అని రాశారు. ఆ భరోసాతో పాత ఫైళ్లు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అస్ర్ తర్వాత డెబియన్ 12 ఎక్కించాను. స్క్రీన్ వచ్చింది, సౌండ్ వచ్చింది. వై-ఫై రాలేదు. భాంజీ మొహం చూడలేకపోయాను.

మోడల్ పేరు ఒకటే అయినా లోపలి వై-ఫై చిప్‌లు వేరుగా ఉండొచ్చు. చూడాల్సింది పేరు కాదు, నంబరు. టెర్మినల్‌లో "ఎల్‌ఎస్‌పీసీఐ" కొట్టి, స్పేస్ ఇచ్చి, "డ్యాష్ ఎన్‌ఎన్" చేరిస్తే ప్రతి భాగానికీ మధ్యలో కోలన్‌తో రెండు నంబర్లు వస్తాయి. మొదటిది తయారుచేసినవాళ్లది, రెండోది ఆ భాగానిది. ఇంటెల్ నంబర్ 8086, వాళ్ల పాత మషహూర్ ప్రాసెసర్ పేరే! డ్రైవర్ గుర్తుపట్టేది ఈ నంబర్లనే.

మా చిప్‌కి ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి. నెట్ రావడానికే నెట్ కావాలన్నమాట. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, దాని డేటాతో దించాను. ఇషా వేళకి వై-ఫై వచ్చింది, అల్హందులిల్లాహ్.

రాత్రి నేనూ ఆ జాబితాకి ఒక ఎంట్రీ రాశాను. మోడల్, రెండు నంబర్లు, కెర్నల్ 6.1, తారీఖు. చివర్లో "మిగతావన్నీ ఓకే" అని కొట్టేశాను.

చాయ్ తెచ్చిన ఆపా అది చదివి, "మిగతావన్నీ అంటే ఏంట్రా? మూత వేసి తీస్తే లేస్తుందా? ఆయన ఎప్పుడూ మూత వేసి లేచిపోయేవారు" అంది.

నేను చూడలేదు. గవాహీ అంటే కళ్లారా చూసింది చెప్పడం కదా. సాయంత్రమంతా నన్ను పరేషాన్ చేసిన ఆ రాతలాంటిదే నేనూ రాస్తున్నాను. పాపం, ఆయన అబద్ధం చెప్పి ఉండరు. ఆయన మెషీన్‌లో వచ్చే ఉంటుంది, నంబరే రాయలేదు.

ఆ లైన్ చెరిపేశాను. ఆపా, నేను కూర్చుని పదిసార్లు మూత వేసి తీశాం. ఎనిమిదిసార్లు లేచింది, రెండుసార్లు నల్ల తెర. అలాగే రాశాను. కెమెరా నడిచింది. బ్లూటూత్ దగ్గర "పరీక్షించలేదు" అని పెట్టాను.

భాంజీ ఇప్పుడు మూత వేసే ముందు ప్రతిసారీ ఫైల్ సేవ్ చేసుకుంటోంది.